‘ఫాన్‌ఫాన్ లా తులిప్’ (1952): చూసినవాళ్లూ చూడబోయేవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఏం సినిమా? ఒక్క ముక్కలో చెప్పండి.

1952 మార్చిలో ఫ్రాన్స్‌లో విడుదలైన నలుపు తెలుపు సినిమా. కత్తియుద్ధాలు, గుర్రాల ఛేజింగులు, ఒక కొంటె కుర్రాడు, వాణ్ణి బోల్తా కొట్టించిన ఒక అమ్మాయి, వీళ్లందరినీ పైనుంచి చూస్తూ ఎకసెక్కాలాడే ఒక కథకుడి గొంతు. దర్శకుడు క్రిస్టియన్-జాక్. హీరో జెరార్ ఫిలిప్, హీరోయిన్ జినా లొల్లోబ్రిజిదా. నిడివి వంద నిమిషాలకు అటూ ఇటూ. ఇంత చిన్న సినిమాకి ఇన్ని ప్రశ్నలేమిటంటారా? చూశాక మీరూ ఒకటి పట్టుకొస్తారు.

కథేమిటి?

పద్దెనిమిదో శతాబ్దం, ఫ్రాన్స్‌ని పదిహేనో లూయీ ఏలుతున్న రోజులు. ఫాన్‌ఫాన్ అనే పల్లెటూరి కుర్రాడు గడ్డివాములో ఒక అమ్మాయితో దొరికిపోతాడు. అమ్మాయి తండ్రీ ఊరి జనమూ కలిసి పెళ్లి చేసేద్దామని వాణ్ణి ఈడ్చుకుపోతుంటే దారిలో అదెలీన్ అనే అమ్మాయి ఎదురవుతుంది. జిప్సీ పిల్లలా చెయ్యి చూసి సోది చెబుతుంది: నువ్వు సైన్యంలో చేరతావు, పేరు సంపాదిస్తావు, రాజుగారి కూతుర్ని పెళ్లాడతావు. ఇంకేముంది! మనవాడు పెళ్లి తప్పించుకుని అకితేన్ రెజిమెంటులో చేరిపోతాడు.

చేరాక అసలు సంగతి బయటపడుతుంది. ఆ పిల్ల జిప్సీ కాదు, సైన్యానికి మనుషుల్ని పోగుచేసే సార్జెంటు కూతురు. సోది అంతా ఎర. తోటి సిపాయిలంతా వీణ్ణి చూసి పగలబడి నవ్వుతారు.

ఇక్కడే నాకు ఈ సినిమా మీద ప్రేమ మొదలైంది. మోసపోయానని తెలిశాక ఎవరైనా ఏం చేస్తారు? తిట్టుకుంటారు, పారిపోతారు. ఫాన్‌ఫాన్ మాత్రం ‘అబద్ధమైతే ఏం, నాకు నచ్చింది’ అన్నట్టు ఆ సోదినే గట్టిగా పట్టుకుంటాడు. అంతలోనే దొంగలు చుట్టుముట్టిన ఒక బండిని ఒంటిచేత్తో కాపాడతాడు. లోపల ఉన్నది రాజుగారి ప్రియురాలు మదాం ద పొంపదూర్, రాకుమారి ఆన్రియెత్. పొంపదూర్ బహుమతిగా ఒక తులిప్ ఇస్తుంది. అప్పట్నుంచి వాడు ఫాన్‌ఫాన్ లా తులిప్. చూశారా, జోస్యం సగం పండింది అనుకుంటాడు. రాకుమారిని కలవాలని కోటలోకి దూరతాడు, పట్టుబడతాడు, ఉరిశిక్ష పడుతుంది. ఈలోగా అదెలీన్‌కి వాడి మీద మనసు పడింది. తన సోది నిజమైతే తనకే నష్టమన్నమాట.

మరి చివరికి ఆ జోస్యం నిజమవుతుందా?

సినిమా చూడనివాళ్లు ఈ జవాబు వదిలేసి కిందికి వెళ్లిపోండి.

అవుతుంది, అదీ ఎవరూ ఊహించని దారిలో. ఫాన్‌ఫాన్ ప్రాణం కాపాడమని అదెలీన్ రాజుగారి దగ్గరికి వెళుతుంది. రాజుగారి కన్ను ఆమె మీద పడుతుంది. ఆమె రాజు చెంప ఛెళ్లుమనిపించి ఒక కాన్వెంటులో తలదాచుకుంటుంది. అక్కణ్ణుంచి రాజుగారి మనుషులు ఎత్తుకుపోతారు. ఫాన్‌ఫాన్, అతని నేస్తం వెంటపడి ఒక సొరంగంలో దూరి, తేలడం తేలడం శత్రు సైన్యాధిపతుల మధ్యలో తేలతారు. వాళ్లందర్నీ బందీలుగా పట్టేస్తారు, యుద్ధం ముగిసిపోతుంది. సంతోషించిన రాజుగారు అదెలీన్‌ని దత్తత తీసుకుని ఫాన్‌ఫాన్‌కిచ్చి పెళ్లి చేస్తాడు. దత్తతైనా కూతురు కూతురే కదా! నోటికొచ్చిన సోది ఆ చెప్పిన పిల్లనే పెళ్లికూతుర్ని చేసి కూర్చోబెట్టింది. స్క్రీన్‌ప్లే రాసేవాళ్లు ఈ ముడి ఎలా వేశారో, ఎలా విప్పారో కాగితం మీద గీసుకుని చూడొచ్చు.

ఇది మన జానపద సినిమాలాంటిదేనా?

దగ్గర చుట్టం. ఇలాంటివాటిని ఫ్రెంచివాళ్లు ‘అంగీ, కత్తి’ సినిమాలంటారు. అంటే భుజాన అంగీ, నడుముకి కత్తి ఉన్న హీరోల కథలు. రాకుమారి మీద ఆశపడే పేదవాడు మనకీ కొత్త కాదు, ఒక్క ఏడాది ముందే తోటరాముడు తెలుగు తెర మీద అదే పని చేశాడు. తేడా ఎక్కడంటే, ఇందులో మాంత్రికుడు లేడు, మాయలు లేవు. ఉన్న ఒకే ఒక్క మహిమ ఆ సోది, అది కూడా దొంగసోదే.

ఫాన్‌ఫాన్ నిజంగా ఉన్నాడా?

లేడు, పాటలోంచి పుట్టాడు. 1819లో ఎమీల్ దెబ్రో అనే పాటగాడు ఈ పేరుతో ఒక సిపాయి పాట రాశాడు. నెపోలియన్ ఓడిపోయి, పాత సిపాయిలు ఇళ్లకు చేరి పాత రోజులు తలుచుకుంటున్న కాలమది. పాట జనం నోళ్లలో పడింది. తర్వాత నాటకమైంది, మూగ సినిమాల రోజుల్లో 1925లో తెర మీదికీ వచ్చింది.

పేరు మాత్రం గాలిలోంచి రాలేదు. పాత ఫ్రెంచి సైన్యంలో చేరిన ప్రతి సిపాయికీ ఒక ‘యుద్ధం పేరు’ ఉండేది. లా ఫ్లర్ అంటే పువ్వు, సాన్ సూసీ అంటే చీకూ చింతా లేనివాడు, లా తులిప్ అంటే తులిప్ పువ్వు. ఇలాంటి ముద్దుపేర్లతో చావుకి ఎదురెళ్లిన కుర్రాళ్లు వేలమంది. సినిమాలో పొంపదూర్ తులిప్ ఇవ్వడం ఆ పేరుకి తర్వాత అల్లిన అందమైన కథ. సార్జెంటు ఎర వేయడం మాత్రం కల్పన కాదు. మందు పోసి, మాయమాటలు చెప్పి, ఆడపిల్లల్ని చూపించి పల్లెటూరివాళ్ల చేత సంతకం పెట్టించుకునే రిక్రూటర్లు ఆ రోజుల్లో నిజంగానే ఉండేవాళ్లు.

జెరార్ ఫిలిప్‌ని ఇప్పటికీ అంతగా ఎందుకు తలుచుకుంటారు?

ఈ సినిమాకి ముందు ఆయన పేరు చెబితే ఫ్రెంచివాళ్లకి గుర్తొచ్చేది విషాదం. నీళ్లు నిండిన కళ్లు, ప్రేమలో కాలిపోయే కుర్రాళ్లు, గంభీరమైన నాటకాలు. 1951లో ఆవిన్యోన్ నాటకోత్సవంలో జాన్ విలార్ దర్శకత్వంలో ‘ల సీద్’ నాటకం వేశాడు. మూడు వందల ఏళ్ల నాటి పద్యనాటకాన్ని కుర్రకారు ఎగబడి చూసేలా చేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి నటుడు మరుసటి ఏడాది చొక్కా గుండీలు విప్పుకుని కప్పుల మీదినుంచి దూకుతూ కనబడ్డాడు.

అదే ఈ సినిమా అదృష్టం. వస్తాదు శరీరం ఉన్న హీరో ఈ వేషం వేస్తే కేవలం సాహసం అయ్యుండేది. ఫిలిప్ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కత్తి పట్టుకున్నా చేతిలో అది పుల్లలా తేలిగ్గా కనిపిస్తుంది. మాట మాత్రం రంగస్థలం మీద సానబెట్టిన మాట. గొలుసులు వేసి లాక్కెళ్తున్నా ఏదో పండక్కి పోతున్నట్టే మాట్లాడతాడు. ఈ తేలికదనం నటించడం చాలా కష్టం. ఏడిపించే నటులు వీధికొకరు దొరుకుతారు గానీ, కష్టపడుతున్నట్టు తెలియనివ్వకుండా పరిగెత్తగలిగే నటులు అరుదు.

ఆయన బతికింది తక్కువ. 1959 నవంబరు 25న కాలేయ క్యాన్సర్‌తో పోయాడు. ముప్ఫై ఏడో పుట్టినరోజుకి ఇంకా తొమ్మిది రోజులుంది. దక్షిణ ఫ్రాన్స్‌లోని రామత్వేల్ అనే ఊళ్లో, ‘ల సీద్’ నాటకంలో వేసుకున్న దుస్తులతోనే సమాధి చేశారు. ఆ తర్వాత ఫాన్‌ఫాన్‌ని చూసినవాళ్ల కళ్లకు ఆ పరుగు వేరేగా కనిపించి ఉండాలి. ఈ సినిమాలో ఆయనకి వయసు రాదు.

కత్తియుద్ధాలు నేటి కళ్లకు ఆనతాయా?

ఆనతాయి. కారణం కెమెరా దూరంగా నిలబడటం. ఎవరు ఎవర్ని కొడుతున్నారో, ఏ కప్పు మీదినుంచి ఏ కప్పు మీదికి దూకారో పూర్తిగా కనిపిస్తుంది. సెకనుకో కట్ వేసి అయోమయం చేయరు. ఫిలిప్ ప్రమాదకరమైన పనులు చాలావరకు తానే చేశాడు. అందుకే ముఖం దాచాల్సిన అవసరం దర్శకుడికి రాలేదు. ఛాయాగ్రాహకుడు క్రిస్టియన్ మాత్రా ఆరుబయటి వెలుతురుని అచ్చంగా పట్టుకున్నాడు. ఎండలో దుమ్ము లేచే రోడ్డు మీద గుర్రాల పరుగు చూస్తుంటే రంగు లేదన్న సంగతే గుర్తుకు రాదు.

ఇంకొక మాట. ఇక్కడ కత్తియుద్ధంలో జోకు ఉంటుంది. ఫాన్‌ఫాన్ పోటుకీ పోటుకీ మధ్య మాట విసురుతాడు, అవతలివాడు కోపంతో ఇంకా తప్పులు చేస్తాడు. అతని ముఖ్య ప్రత్యర్థి ఫియేరాబ్రా అనే గుబురు మీసాల సైనికాధికారి. నటుడు నోయెల్ రొక్వేర్. ఫ్రెంచిలో ఆ పేరుకే ‘డాంబికుడు’ అని అర్థం. ఫాన్‌ఫాన్ నేస్తం పేరు ట్రాంష్-మోంతాన్, అంటే ‘కొండల్ని నరికేవాడు’. మనిషి చూస్తే పాపం, కందిపప్పు కూడా నూరలేనంత మెతక.

నవ్వులాట సినిమా అంటున్నారు, మరి యుద్ధ వ్యతిరేక సినిమా అని కూడా అంటారెందుకు?

రెండూ నిజమే. నా లెక్కలో ఇది డెబ్బై ఏళ్లు నిలబడటానికి కారణం కూడా ఇదే.

సినిమా మొదలవగానే కథకుడి గొంతు వినిపిస్తుంది (ప్యారిస్‌లోని పేరున్న నాటకశాల కామెడీ ఫ్రాన్సేజ్ నటుడు జాన్ దెబుకూర్ గొంతది). అనగనగా ఫ్రాన్స్ అనే ముచ్చటైన దేశం, అక్కడ రాజులకు ఇష్టమైన కాలక్షేపం యుద్ధం, ఆ వినోదంలో జనానికి కూడా కాస్త వాటా దక్కేది, ఇలా సాగుతుంది. అమ్మమ్మ కథ చెబుతున్నంత మెత్తగా ఉంటుంది, లోపల మాత్రం సూది. తెర మీద లేసు అంచుల చొక్కాలు వేసుకున్న అధికారులు కవాతులు చేస్తుంటారు. వెనక ఊళ్లు తగలబడుతుంటాయి. కథకుడు మాత్రం ఆ మంటల్ని కూడా పొగుడుతూనే ఉంటాడు.

ఈ మాటలు రాసింది ఆన్రీ జాన్సోన్. ఈయన సామాన్యుడు కాదు. ముప్ఫైల నాటి గొప్ప ఫ్రెంచి సినిమాలకు మాటలు రాసినవాడు, పత్రికల్లో నోరు కట్టుకోనివాడు. 1939లో యుద్ధానికి వ్యతిరేకంగా రాసినందుకు జైలుకి వెళ్లాడు. పదమూడేళ్ల తర్వాత అదే మాటని లేసు చొక్కాలు తొడిగి, నవ్వు పూసి థియేటర్లోకి పంపాడు. ఆ సమయానికి ఫ్రాన్స్ ఇండోచైనాలో యుద్ధం చేస్తోంది. ప్రేక్షకుల్లో కొందరి కొడుకులు అక్కడే ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఏడేళ్లయినా కాలేదు. తెర మీద ఒక మార్షల్ యుద్ధాన్ని నాటకంలా ఏర్పాటు చేస్తుంటే ఆ హాల్లో నవ్విన నవ్వు ఎలాంటిదో ఊహించుకోండి.

ఉపన్యాసం మాత్రం ఎక్కడా లేదు. హీరో శాంతి గురించి ఒక్క వాక్యం మాట్లాడడు. రాజు కోసం ప్రాణాలివ్వాలన్న ఆలోచన వాడికి అసలు రాదు, అంతే. వాడు యుద్ధం గెలిచింది కూడా పొరపాటున, ప్రేయసిని వెతుక్కుంటూ.

జినా లొల్లోబ్రిజిదా ఇటాలియన్ కదా, ఫ్రెంచి సినిమాలో ఎలా?

ఇది ఫ్రెంచి, ఇటాలియన్ నిర్మాతలు కలిసి తీసిన సినిమా. అప్పట్లో అది మామూలే. ఫ్రెంచి ప్రతిలో ఆమెకు వేరే నటి గొంతు ఇచ్చింది, డబ్బింగు అలవాటైన మనకు అది వింతేమీ కాదు. 1927లో పుట్టిన ఆమెకు అప్పటికి ఇంకా పాతికేళ్లు కూడా నిండలేదు. ఈ సినిమా ఆమెను ఇటలీ బయట కూడా తారని చేసింది. అదే ఏడాది రెనె క్లేర్ సినిమాలో మళ్లీ ఫిలిప్ పక్కన వేసింది. 2023 జనవరిలో, 95 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

పోస్టర్లు ఆమె అందాన్నే అమ్ముకున్నాయి గానీ కథలో బుర్ర ఉన్నది అదెలీన్‌కే. సోది కల్పించింది ఆమె, హీరో ప్రాణం నిలబెట్టింది ఆమె, రాజుని కొట్టింది ఆమె. ఫాన్‌ఫాన్ చేసిందల్లా పరిగెత్తడమే అని నేనంటే మా ఇంట్లో గొడవైంది.

చరిత్ర ఎంత నిజం?

వాతావరణం నిజం, తేదీలు కావు. కథ జరిగేది ఏడేళ్ల యుద్ధం రోజుల్లో, అంటే 1756కీ 1763కీ మధ్య. ఫాన్‌ఫాన్ ఆశపడ్డ రాకుమారి ఆన్రియెత్ మాత్రం 1752లోనే మశూచితో చనిపోయింది. పాపం, సోది ఆ లెక్కన కూడా తప్పే.

పొంపదూర్ నిజంగా ఉంది. రాజుగారికి అమ్మాయిల్ని తెచ్చిపెట్టే లెబెల్ పాత్ర కూడా నిజం పేరే, పదిహేనో లూయీ ఆంతరంగిక సేవకుడు. రాజుగా వేసిన మార్సెల్ ఎరాన్ ఆ సుఖలాలసని ఎంత మర్యాదగా, ఎంత విసుగ్గా చూపిస్తాడంటే, తిట్టాలో నవ్వాలో తెలియదు. ఈ సినిమా వచ్చిన మరుసటి ఏడాదే ఆయన పోయాడు.

మన వైపునుంచి ఒక సంగతి కూడా చెప్పుకోవాలి. ఇదే ఏడేళ్ల యుద్ధం మన గడ్డ మీద కూడా జరిగింది. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఇదే పదిహేనో లూయీ పేరు మీద పోరాడిన ఫ్రెంచి దళాలు ఇంగ్లీషువాళ్ల చేతిలో, వాళ్లకు తోడొచ్చిన విజయనగరం రాజు సేనల చేతిలో ఓడిపోయాయి. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పోయింది. ఆ సిపాయిల్లో లా తులిప్ అనే పేరున్నవాడు ఒక్కడైనా ఉండే ఉంటాడని నా ఊహ. రాజుగారి వెర్సాయి కోటలో తీరిగ్గా నడిచే ఆ ఆట బిల్లు కట్టింది ఫ్రెంచి పల్లెలొక్కటే కాదు.

అప్పట్లో ఆడిందా? బహుమతులేమైనా?

ఆడటమా! ఒక్క ఫ్రాన్స్‌లోనే 67 లక్షలకు పైగా టిక్కెట్లు తెగాయి. 1952 కాన్ చిత్రోత్సవంలో క్రిస్టియన్-జాక్‌కి ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. అదే ఏడాది బెర్లిన్ చిత్రోత్సవంలో ‘వెండి ఎలుగుబంటి’ బహుమతి. సోవియట్ యూనియన్‌లో జనం విరగబడి చూశారు. 1955లో ఫ్రెంచి సినిమా వారోత్సవానికి ఫిలిప్ మాస్కో వెళ్లాడు.

అంత పేరొస్తే సినిమా చరిత్ర పుస్తకాల్లో ఇంత తక్కువ కనిపిస్తుందేం?

కుర్రవిమర్శకుల దెబ్బ. 1954 జనవరిలో ఫ్రాన్స్వా ట్రూఫో ‘కయే ద్యు సినేమా’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. పెద్ద స్టూడియోలు, పేరున్న రచయితలు, నునుపైన పనితనం ఉన్న ‘నాణ్యత సంప్రదాయం’ సినిమాని ఉతికి ఆరేశాడు. తర్వాత ఆ కుర్రాళ్లే కెమెరాలు పట్టి ‘కొత్త కెరటం’ తెచ్చారు. వాళ్ల సినిమాలు గొప్పవే, అందులో నాకు పేచీ లేదు. కానీ వాళ్ల జాబితాలో చోటు దొరకని పనిమంతులంతా మూలకు చేరారు. క్రిస్టియన్-జాక్ వాళ్లలో ఒకడు. పోస్టర్లు గీసుకునే రోజుల్లో జాక్ అనే స్నేహితుడితో కలిసి పెట్టుకున్న పేరుని జీవితాంతం మోసిన మనిషి, సినిమా తీయడం ఒక చేతిపని అనుకున్నాడు. ఆ చేతిపనే ఇవాళ్టికీ పాడవలేదు.

2003లో వచ్చిందీ ఇదేనా?

కాదు, రీమేక్. వాన్సాన్ పెరెజ్, పెనెలొపె క్రుజ్ నటించారు, దర్శకుడు జెరార్ క్రావ్‌జిక్. ఆ ఏడాది కాన్ ఉత్సవాన్ని దాంతోనే ప్రారంభించారు. రంగులున్నాయి, ఖర్చుంది. ముందు పాతది చూడండి.

‘నల్ల తులిప్’ దీని రెండో భాగమా?

కాదు. అది 1964 నాటిది, హీరో అలెన్ దెలాన్. దర్శకుడు మాత్రం ఇదే క్రిస్టియన్-జాక్, అందుకే ఈ గందరగోళం.

పిల్లలతో కూర్చుని చూడొచ్చా?

చూడొచ్చు. రక్తం దాదాపు కనబడదు. కానీ గడ్డివాము సన్నివేశం, హీరోయిన్ జాకెట్టు మీద కెమెరా చూపులు, ఆడవాళ్ల గురించి కథకుడి చమత్కారాలు కొన్ని ఈనాటి చెవికి మొరటుగా తగులుతాయి. కాలం మారింది, ఆ జోకులు మారలేదు. పదేళ్లు దాటిన పిల్లలైతే గుర్రాల కోసం చూస్తారు, అడిగితే జవాబు చెప్పడానికి మీరు సిద్ధంగా ఉండండి.

ఏ ప్రతి చూడాలి?

నలుపు తెలుపుదే. రంగులద్దిన ప్రతి ఒకటుంది, మంచి ఫోటోకి లిప్‌స్టిక్ పూసినట్టుంటుంది. 2008లో క్రైటీరియన్ సంస్థ ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో డీవీడీ తెచ్చింది. డబ్బింగు కన్నా సబ్‌టైటిళ్లే మేలు. జాన్సోన్ మాటల్లో శ్లేషలు కొన్ని ఎలాగూ జారిపోతాయి, ఫిలిప్ గొంతైనా దక్కుతుంది.

నచ్చితే తర్వాత ఏం చూడమంటారు?

1959 నాటి ‘ల బోస్యు’, జాన్ మరే హీరో, పక్కన బూర్విల్ నవ్విస్తాడు. ఆ తర్వాత 1962లో ఫిలిప్ ద బ్రోకా తీసిన ‘కార్టూష్’, బెల్మోండోది. అది నవ్విస్తూ నవ్విస్తూ చివర్లో గుండె పిండేస్తుంది, కాబట్టి ఆ రెంటిలో దాన్ని రెండోది చేసుకోండి.